ఒక మాట, పలు దారులు

ఆపద వచ్చుచున్నదని ముందుగా తెలిసినవాని మొదటి ధర్మము పొరుగువానికి తెలియజెప్పుట. చెప్పుట యనగా నోరు తెరచుట మాత్రమే కాదు. వినవలసినవాని చెవిని మాట పడినదని రూఢి యగునంతవరకు ఆ ధర్మము తీరినట్లు కాదు. ఈ ధర్మమును మన విద్యార్థులు నేటి పరికరములతో ఎట్లు నెరవేర్పవచ్చునో, అందు ఏ జాగ్రత్త వహింపవలయునో నాకు తోచినంతవరకు ఇచట విన్నవింతును.

నౌపడ ఉప్పుమళ్ల ఊరు. సముద్రము మనకు ఇరుగుపొరుగు వంటిది; మేలును చేయును, కీడును చేయును. ఆశ్వయుజమాసము వచ్చినచో మన పెద్దలు తూర్పుదిక్కు చూడక నిద్రపోరు. 2013 అక్టోబరు 12న ఫైలిన్ తుపాను గోపాలపురము వద్దను, 2014లో సరిగా అదే తేదీన హుద్‌హుద్ విశాఖపట్టణము వద్దను, 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ మన జిల్లాలోని పలాస సమీపమునను తీరము దాటినవి. తిత్లీ వచ్చిన నాడు ఉద్దానపు కొబ్బరిచెట్లును జీడితోటలును నేలకొరిగినవి. విద్యుత్తు పోయినది. అనేక గ్రామములలో సెల్‌ఫోనులు మూగవోయినవి. చెప్పవలసిన మాట మిక్కిలిగా ఉన్న వేళనే చెప్పు సాధనము లేకపోయినది.

పూర్వము ఊరిలో మాట చాటుటకు టముకు ఉండెను. రైలుదారి వెంబడి టెలిగ్రాఫు తీగె ఉండెను. ప్రజలకు టెలిగ్రాములు అందించిన సేవ 2013 జూలైలో ముగిసినది. దాని స్థానమున నేడు ఒక్క దారి కాదు, పది దారులు వచ్చినవి: ఎస్సెమ్మెస్, ఈమెయిలు, వాట్సాప్, టెలిగ్రాం మొదలైనవి. దారులు పెరిగినందున చెప్పువానికి శ్రమయు పెరిగినది. గాలివాన వచ్చుచున్నది, రేపు బడి లేదు అను మాటను ఒక గుమాస్తా నాలుగు చోట్ల నాలుగు మారులు వ్రాయవలసివచ్చినచో, ఒకచోట "రేపు" అనియు, ఒకచోట "ఎల్లుండి" అనియు పడుట ఎంతసేపు? తల్లికి ఒక మాట, ఉపాధ్యాయునికి వేరొక మాట అందినచో పిల్లవాడు వానలో బయలుదేరును.

ఈ చిక్కునకు ఒక విరుగుడు కలదు. కంప్యూటరు తెరపై బొమ్మలను నొక్కి పని చేయించుట ఒక పద్ధతి. ఒక వరుసలో అక్షరములు వ్రాసి ఆజ్ఞాపించుట మరియొక పద్ధతి. ఈ రెండవదానిని కమాండ్ లైన్ అందురు. ఈ పద్ధతిలో పనిచేయు అప్రైజ్ అను ఉపకరణము కలదు. అది పైథాన్ భాషలో వ్రాయబడినది, వెల లేనిది, లోపలి వ్రాతను ఎవరైనను చదివి చూడవచ్చును. ముందుగా ఒక ఫైలులో సేవల చిరునామాలను వ్రాసి, ఒక్కొక్కదానికి "ఉపాధ్యాయులు", "తల్లిదండ్రులు", "వసతిగృహము" అను ట్యాగులు కట్టుకొనవలెను. పిమ్మట శీర్షిక, విషయము, ట్యాగు పేరు ఒకే వరుసలో వ్రాసి ఎంటర్ మీట నొక్కిన చాలును. వ్రాసినది ఒక్క మారే గనుక అన్ని సేవలకును అదే మాట, అవే అక్షరములతో పోవును. ఇట్టి సేవలు నూటికి పైగా దానికి పరిచితములు. పదవ తరగతి విద్యార్థి ఒక మధ్యాహ్నములో దీనిని నేర్వగలడు.

మన దేశమున జాతీయ విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థవారి "సచేత్" వ్యవస్థయు ఇదే సూత్రముపై నడచుచున్నది. హెచ్చరికను ఒక నియతరూపమున వ్రాసి, దానినే పలు మార్గములకు అందింతురు. అట్లయిన బడికి ఈ పని యెందుకని కొందరు అడుగవచ్చును. ప్రభుత్వము జిల్లాను హెచ్చరించును. ఏ ఊరి పిల్లలు ఏ వాగు దాటి వచ్చుచున్నారో బడికే తెలియును. తుపాను సమాచారమును మనము కల్పింపరాదు. వాతావరణశాఖ చెప్పినదానినే గ్రహింపవలెను. దానిని బట్టి మన పిల్లలు ఏమి చేయవలెనో చెప్పుట మాత్రము మన పనియే.

అయినను ఒక్క మీటతో మాట వేయిచోట్లకు పోవుననగానే పొంగిపోరాదు. ఇందు మూడు విషయములు గమనింపవలెను.

మొదటిది: అందించుట వేరు, అందుట వేరు. సందేశము పోనిచో అప్రైజ్ ఆ సంగతి తెలుపును. పోయినదని చెప్పినను, దాని అర్థము ఆ సేవ పుచ్చుకొన్నదని మాత్రమే. తల్లి చదివినదని కాదు. కావున బదులు రానివారి జాబితా ఒకటి ఉండవలెను.

రెండవది: చెప్పుట సులభమైన కొలది చెప్పకుండ నిగ్రహించుకొనుట కష్టమగును. "నాన్నా, పులి!" అని వేళాకోళమునకు అరచిన పిల్లవాని కథ మన యందరికిని తెలిసినదే. ఆటలపోటీ వార్తకును తుపాను వార్తకును ఒకే గంట మ్రోగించినచో, మూడవనాడు ఆ గంటను ఎవరును వినరు. ఆపదకు వేరు ట్యాగు ఉంచి, దానిని ఆపదకే వాడవలెను. ఆ చిరునామాల ఫైలులో రహస్యసంకేతములు ఉండును. ఇంటి తాళపుచెవివలె దానిని భద్రపరుపవలెను.

మూడవది నాకు అన్నిటికంటె ముఖ్యముగా తోచుచున్నది. ఈ పది సేవలును ఒకే సెల్ టవరుపై, ఒకే విద్యుత్తు తీగెపై ఆధారపడినచో అవి పది దారులు కావు. పది పేర్లు గల ఒకే దారి. తిత్లీ మనకు నేర్పిన పాఠమిదియే. కావున గాలి రాకమునుపే, తీగెలు నిలిచియుండగనే మాట పంపవలెను. ఆ జాబితా చివర తీగె అక్కరలేని దారి ఒకటి తప్పక ఉండవలెను: బడిగంట, మైకు, బ్యాటరీ రేడియో, ఊరికి ఒకరు చొప్పున నడచిపోయి చెప్పువారు.

మన ఓడరేవులవారు ఈ సంగతి ఏనాడో గ్రహించిరి. కళింగపట్నము, భీమునిపట్నము రేవులలో ఎగురవేయు ప్రమాదసూచికలను గూర్చి మనము పత్రికలలో చదువుచుందుము. ఆ సూచికలు 11. చివరిదానికి తుపాను బలముతో సంబంధము లేదు. వాతావరణ కేంద్రముతో సంబంధము తెగిపోయినది, ఇచట ప్రమాదమున్నదని స్థానికాధికారి తలంచుచున్నాడు అని దాని భావము. అనగా వార్త రాకపోవుటయే వారికి ఒక వార్త. ప్రతి గృహమునను ఈ 11వ సూచిక ఉండవలెను: సాయంకాలము ఫలానా వేళకు బడినుండి మాట రాకపోయినచో పిల్లలను పంపవద్దు.

కావున విద్యార్థులారా, ఆ ఒక్క వరుస ఆజ్ఞను నేర్చుకొనుడు. తల్లిదండ్రులారా, మీ ఫోను సంఖ్య మారినచో ఆ దినముననే బడికి తెలుపుడు. ఉపాధ్యాయులారా, వానకాలము ముగియకముందే ఒకనాడు పరీక్షార్థము ఒక సందేశము పంపి, ఎందరికి అందినదో లెక్కింపుడు. ఆ లెక్కలో ఒక్క ఇల్లు తప్పినను, ఆ ఇంటికి నడచిపోవు మనుష్యుడెవరో ఆనాడే నిర్ణయింపుడు.