సంఖ్యలో దాగిన దిక్కు

సూర్యాపేట దాటి విజయవాడకు పోవు లారీ డ్రైవరును ఇది యే హైవే యని యడిగినచో ‘ఎన్‌హెచ్ నైన్’ అనియే బదులు రావచ్చును. ప్రక్కనే యున్న పసుపుతల కిలోమీటరు రాయి మాత్రము 65 అని చెప్పుచుండును. 2010లో కేంద్ర ప్రభుత్వము జాతీయ రహదారుల సంఖ్యలను సమూలముగా మార్చినది. అంతకుమున్ను చెన్నై నుండి విశాఖ మీదుగా ఒడిశాకు సాగు బాట 5, వారణాసి నుండి కన్యాకుమారికి దిగునది 7, కర్నూలు–చిత్తూరు బాట 18, హైదరాబాదు–వరంగల్లు బాట 202. ఈ యంకెలను చూచి దిక్కు నెఱుంగుట యెవరి తరమును గాకుండెను.

క్రొత్త పద్ధతిలో ఉత్తరదక్షిణములుగా సాగు ప్రధాన మార్గములకు సరి సంఖ్యలు, తూర్పుపడమరలుగా సాగు వానికి బేసి సంఖ్యలు. సరి సంఖ్యలు తూర్పు నుండి పడమరకును, బేసి సంఖ్యలు ఉత్తరము నుండి దక్షిణమునకును పెరుగుచు పోవును. అందుచేతనే అండమాను దీవుల బాట 4, మన తూర్పుతీరపు బాట 16, శ్రీనగరు నుండి కన్యాకుమారి వఱకు దేశమధ్యమున దిగునది 44, పన్వేలు నుండి పడమటి తీరమంట సాగునది 66 అయినవి. అయితే ఈ నియమము మార్గము యొక్క మొత్తపు పోకడను చూచునే గాని మలుపులను లెక్కింపదు. ఏలూరు నుండి విజయవాడకు వచ్చు 16 పడమటికే నడచినను సరి సంఖ్యతోనే నడచును.

శాఖామార్గములకు మూడంకెలుండును, వానిలో తుది రెండును తల్లిమార్గమునవి. నకిరేకల్లు వద్ద 65 నుండి చీలి నాగార్జునసాగరు మీదుగా ఏర్పేడునకు పోవునది 565. కత్తిపూడి వద్ద 16ను విడిచి కాకినాడ, అమలాపురము, మచిలీపట్నము, బాపట్లలను చుట్టి ఒంగోలు వద్ద మరల దానినే చేరునది 216. మన యింటిపేరు పేరునకు ముందుండగా, ఈ బాటల యింటిపేరు తుదనుండుట యొక వింత. వరంగల్లు మీదుగా పోవు 163కు తల్లి యెక్కడ? గోదావరిని దాటి భూపాలపట్నము చేరినగాని 63 కంటబడదు. శాస్త్రము చక్కనిదే, కాని బాటసారికి దానిని బోధించిన వారేరీ?

పాత సంఖ్యలకు విశ్రాంతియైన నిచ్చినారా యన్న, అదియును లేదు. 5 ఫిరోజ్‌పురము నుండి సిమ్లా మీదుగా షిప్కీ లా కనుమకు, 7 ఫజిల్కా నుండి బదరీనాథము దాటి మాణా గ్రామమునకు తరలిపోయినవి. సూర్యాపేట డ్రైవరు చెప్పు 9 యిప్పుడు పంజాబులోని మలౌటున బయలుదేరి హిమాలయములలోని పిథోరాగఢు వైపు ఎక్కుచున్నది.