చదివించి వినడానికి రోజుకో గంట ఇవ్వండి

గౌరవనీయులైన ముఖ్యమంత్రి నారా చంద్రబాబునాయుడు గారికి, విద్యాశాఖ మంత్రి నారా లోకేశ్ గారికి,

చిన్న తరగతుల బిడ్డల చదువును మనం ఏటా కొలుస్తూనే ఉన్నాం. కొలిచాక జరగాల్సిన పని జరగడం లేదు. దాని గురించే ఈ లేఖ.

మన రాష్ట్ర గ్రామాల్లో మూడో తరగతి బిడ్డల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 22.6 శాతం. కరోనా దెబ్బ తర్వాత 2022లో 10.3 శాతం. ఇవి ప్రథమ్ సంస్థ 'అసర్' సర్వే అంకెలు. ఇంటికి వెళ్లి, బిడ్డను ఎదురుగా కూర్చోబెట్టుకుని, అక్షరాలు, పదాలు, చిన్న పేరా, కథ చదివించి తీసినవి. దేశం మొత్తమ్మీద గ్రామాల్లో 2024లో ఈ లెక్క 27.1 శాతం. అంటే పదిమందిలో ఏడుగురికి ఇంకా ఆ పాఠం చదవడం రాదు.

ఈ సర్వే మీకు రాష్ట్రం పరిస్థితి చెబుతుంది. తరగతిలో ఉన్న అయ్యవారికి అది చాలదు. ఫలానా బిడ్డ ఎక్కడ ఆగిపోయిందో ఆయనకు తెలియాలి. మ, న, త, య, ర, ల ఒత్తులకు అసలు అక్షరంతో పోలికే ఉండదు. గుణింతాలన్నీ గడగడా చెప్పే బిడ్డ కూడా 'వస్త్రం' దగ్గర నిలబడిపోతుంది. కన్నడ బిడ్డల మీద సోనాలి నాగ్ చేసిన పరిశోధన 2007లో వెలువడింది. మన లిపుల్లాంటి వాటిలో అక్షరాలన్నీ పట్టుబడడానికి మొదటి రెండు మూడేళ్లు సరిపోవని అందులో తేలింది. ఇక నగరి, సత్యవేడు వైపు ఇంట్లో తమిళం మాట్లాడే బిడ్డ తెలుగు పేరా తప్పులేకుండా చదివినా, అర్థమైందో లేదో అడిగితేనే తెలుస్తుంది. కాగితం మీద టిక్కులు పెట్టించే పరీక్షలో ఇవేవీ కనపడవు.

తెలిసినంత మాత్రాన సరిపోతుందా? సరిపోదని మన రాష్ట్రంలోనే రుజువైంది. కార్తీక్ మురళీధరన్, వెంకటేశ్ సుందరరామన్ ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ బడుల్లో బిడ్డలకు పరీక్షలు పెట్టి, ఎవరు ఎక్కడ వెనకబడ్డారో టీచర్లకు నివేదికలు ఇచ్చారు. ఎవరైనా వచ్చి చూస్తున్నప్పుడు టీచర్లు ఎక్కువ కష్టపడ్డారు. బిడ్డల చదువు మాత్రం మిగతా బడులకంటే మెరుగుపడలేదు. 2010లో ప్రచురితమైన ఈ ఫలితాన్ని మీ అధికారులు ఒక్కసారి చదవాలని నా ప్రార్థన. నివేదికల మీద నివేదికలు పంపితే ఏమవుతుందో అందులో ఉంది.

మరి ఏం చేయాలి? దానికి మాత్రం దూరం పోనక్కర్లేదు. అప్పటి చిత్తూరు జిల్లాలోనే, మదనపల్లె దగ్గర రిషివ్యాలీలో, పద్మనాభరావు, రమ దంపతులు పల్లె బడుల కోసం చదువుల నిచ్చెన తయారుచేశారు. ప్రతి మెట్టులోనూ నేర్చుకునే కార్డు, సాధన చేసే కార్డు, పరీక్షించే కార్డు ఉంటాయి. పరీక్షలో తడబడ్డ బిడ్డకు వెంటనే ఇవ్వడానికి ఇంకో కార్డు సిద్ధంగా ఉంటుంది. ఏ బిడ్డ వేగం ఆ బిడ్డదే. కర్ణాటక 'నలి కలి', తమిళనాడు కార్డుల పద్ధతి ఇక్కడి నుంచే స్ఫూర్తి పొందాయి. మన నేల మీద పుట్టిన పద్ధతిని పక్క రాష్ట్రాలు తమ బడులకు తీసుకుపోయాయి. మన సర్కారు బడుల్లో అది నిలదొక్కుకోకపోవడం నాకు చాలా బాధ.

నేను అడిగేది ఇదే. ఒకటి నుంచి ఐదు వరకు ప్రతి తరగతికీ టైమ్‌టేబుల్‌లో రోజూ ఒక గంట కేటాయిస్తూ ఉత్తర్వు ఇవ్వండి. ఆ గంటలో తరగతి చూడకుండా స్థాయిని బట్టి బిడ్డలను కూర్చోబెట్టాలి, ఒక్కొక్కరి చేత చదివించి వినాలి, తడబడ్డ చోట మళ్లీ నేర్పాలి. ఆ గంటలో ఫోటోలు, యాప్‌లు, అప్‌లోడ్‌లు ఏవీ ఉండకూడదు. ఒకే టీచరున్న బడికి ఇంకొకరిని పంపండి, లేకపోతే ఈ మాటకు అర్థం లేదు. బిడ్డ స్థాయిని బట్టి టీచరుకు మెమోలు ఇవ్వకండి. భయం పెడితే అంకెలు పెరుగుతాయి, చదువు పెరగదు. మన బడుల చదువు మెరుగుపరిచే 'సాల్ట్' పథకం కోసం ప్రపంచ బ్యాంకు మంజూరు చేసిన అప్పే 25 కోట్ల డాలర్లు. అందులో ఈ గంటకయ్యే ఖర్చు ఎంత?

చిన్న తరగతుల బిడ్డలందరికీ చదవడం రావాలని కేంద్రం తెచ్చిన నిపుణ్ భారత్ పథకం పెట్టుకున్న గడువు 2026-27. ముఖ్యమంత్రి గారూ, తెలుగు, తమిళం, కన్నడం మూడూ వినిపించే కుప్పం మీ సొంత నియోజకవర్గం. ద్రావిడ విశ్వవిద్యాలయమూ అక్కడే ఉంది. తెలుగు చదవడంలో బిడ్డలు ఏ వయసులో ఏ ఒత్తు దగ్గర ఆగుతున్నారో ఆ విశ్వవిద్యాలయం చేత అధ్యయనం చేయించండి. ఆ గంటను ముందుగా కుప్పం బడుల్లోనే మొదలుపెట్టండి.

ఇట్లు,
పుత్తూరు నుంచి ఒక విశ్రాంత ప్రాథమిక ఉపాధ్యాయురాలు