టెండరుకు ముందే ప్రమాణం

విజయవాడ నుంచి హైదరాబాద్ వెళ్ళే 65వ నంబరు జాతీయ రహదారి మీద కంచికచర్ల దాటాక కీసర టోల్ ప్లాజా వస్తుంది. కీసరగుట్ట కీసర కాదు, మునేటి పక్కనున్న కీసర. సంక్రాంతి ముందు ఇక్కడా, జగ్గయ్యపేట దగ్గరి చిల్లకల్లులోనూ బారులు తీరే కార్ల ఫొటోలు ఏటా పత్రికల్లో చూస్తుంటాం. ఆ వరుసలో ముందు కారుది ప్రభుత్వ బ్యాంకు ఇచ్చిన ఫాస్టాగ్ కావచ్చు, వెనక లారీది ప్రైవేటు బ్యాంకుది కావచ్చు. ట్యాగ్ చేసినవారు ఒకరు, గేటు మీద రీడర్ బిగించినవారు ఇంకొకరు. అయినా గేటు అందరికీ ఒకేలా లేస్తుంది. అద్దానికి అంటించే ఆ స్టిక్కరులో బ్యాటరీ ఉండదు. రీడర్ పంపే తరంగంలోని శక్తితోనే చిప్పు మేలుకుని, ఆ తరంగాన్నే తన నంబరు చేర్చి తిప్పి పంపుతుంది. కొన్ని మీటర్ల దూరంలో, కళ్ళు మూసి తెరిచేలోగా ఇదంతా జరగాలంటే ఎంత శక్తితో పంపాలి, ఏ ఫ్రీక్వెన్సీలో పంపాలి, రెండు ట్యాగులు ఒకేసారి పలికితే ఏది ఆగాలి అన్నవన్నీ ముందే కాగితం మీద తేలి ఉండాలి. ఇలాంటి ప్రమాణాలు ఎప్పుడు రాయాలన్నదే ఈ వారం చర్చ. సొమ్ము దిగకముందే రాయాలి. దిగాక రాసేది ప్రమాణం కాదు, రాజీ.

ఫాస్టాగ్ విషయంలో మనకు కాలం కలిసొచ్చింది. 2008లో మొదలైన ఢిల్లీ–గుర్గావ్ ఎక్స్‌ప్రెస్‌వేకు సొంత ట్యాగ్ ఉండేది. ప్రతి రహదారి సంస్థా అదే దారి పడితే నందిగామ లారీ యజమాని అద్దం నిండా ట్యాగులే అతికించుకునేవాడు. నందన్ నీలేకని కమిటీ 2010లో దీనికి అడ్డుకట్ట వేసింది. దేశమంతటికీ బ్యాటరీ లేని ఆర్‌ఎఫ్‌ఐడీ ట్యాగ్, ఒకే బహిరంగ ప్రమాణం ఐఎస్‌ఓ 18000-6సి అని తేల్చింది. 2014లో ఫాస్టాగ్ మొదలైంది, 2016లో బ్యాంకుల మధ్య లెక్కలు జాతీయ చెల్లింపుల సంస్థ ఎన్‌పీసీఐ చేతికి వచ్చాయి, 2021 ఫిబ్రవరి 15 అర్ధరాత్రి నుంచి తప్పనిసరైంది. ఫ్రీక్వెన్సీ కూడా అంతకుముందే సిద్ధంగా ఉంది. అమెరికాలో ఈ ట్యాగులకు వాడే 902–928 మెగాహెర్ట్జ్‌లో కొంత భాగం ఇక్కడ మొబైల్ ఫోన్లకు పోయింది కాబట్టి, 865–867 మెగాహెర్ట్జ్‌ను 2005లోనే కేంద్రం లైసెన్సు అక్కర్లేకుండా వదిలింది. అమెరికా చేసింది దీనికి తలకిందులు. అక్కడ ముందు రోడ్లు, వాటితోపాటు ఎక్కడి ట్యాగులు అక్కడ వచ్చాయి. డల్లాస్‌లో స్థిరపడ్డ మనవాళ్ళ టోల్‌ట్యాగ్ న్యూజెర్సీ టర్న్‌పైక్ మీద ఏళ్ళ తరబడి చెల్లలేదు. అన్నీ ఒకదానితో ఒకటి కలిసి పనిచేయాలని 2012లో చట్టం చేసి, 2016 అక్టోబరును గడువుగా పెట్టారు. ఆ గడువు దాటిపోయింది.

ఫాస్టాగ్‌తో పడే తిప్పలు మాకు తెలియవా అని వాహనదారులు అడగవచ్చు. రెండుసార్లు డబ్బు కోత పడటం, బ్యాలెన్స్ ఉన్నా బ్లాక్‌లిస్టులో పడటం నిజమే. కానీ వాటిలో ఎక్కువ భాగం ట్యాగుకూ రీడరుకూ మధ్య గాలిలో పుట్టినవి కావు, బ్యాంకు ఖాతాల్లోనూ కేవైసీ కాగితాల్లోనూ పుట్టినవి. ట్యాగ్‌ను అద్దానికి అంటించకుండా చేతిలో పట్టుకుని చూపించేవారిని బ్లాక్‌లిస్టులో పెడతామని 2025 జులైలో జాతీయ రహదారుల సంస్థ ప్రకటించాల్సి వచ్చింది. దానికి రేడియో ఏం చేస్తుంది? ఇక ఉపగ్రహ టోల్ వస్తోందిగా, ఇదంతా ఎందుకు అనేవారున్నారు. అందుకోసం 2024 సెప్టెంబరులో నిబంధనలు సవరించిన మాట వాస్తవమే. రానివ్వండి. ఏ ఒక్క కంపెనీ సొంతమూ కాని చవక స్టిక్కరును రేపు తీసేసినా రహదారికి నష్టం లేదు.

గట్టిగా ఆలోచించాల్సిన అభ్యంతరం మరొకటి ఉంది. కమిటీలు కూర్చుంటే ఏళ్ళు గడుస్తాయి, మార్కెట్‌ను తేల్చుకోనివ్వండి అంటారు. తక్కువ దూరపు వైర్‌లెస్ ప్రమాణాలు రాసేది ఇంజినీర్ల సంఘం ఐట్రిపుల్ఈలోని 802.15 బృందం. అత్యంత వేగవంతమైన అల్ట్రావైడ్‌బ్యాండ్ కోసం అక్కడ 3ఎ అనే ఉపబృందం పెట్టారు. రెండు కంపెనీ కూటములు తలపడ్డాయి. ఆమోదానికి కావలసిన 75 శాతం ఓట్లు ఎవరికీ రాలేదు. 2006 జనవరిలో ఉపబృందాన్నే రద్దు చేశారు. కమిటీల చేతగానితనానికి దీన్నే ఉదాహరణగా చూపుతారు. నాకు మాత్రం వేరే సంగతి కనిపిస్తుంది. అప్పటికే రెండు పక్షాలూ సొంత చిప్పుల మీద డబ్బు పోసేశాయి, ఇక వెనక్కి తగ్గేది ఎవరు? బ్లూటూత్ సంగతి చూడండి. ఎరిక్సన్, నోకియా, ఐబీఎం, ఇంటెల్, తోషిబా 1998లోనే, సరుకు బజారుకు రాకముందే ఒక్కటయ్యాయి. దాన్నే 802.15 బృందం 2002లో తన తొలి ప్రమాణంగా తీసుకుంది. మార్కెట్ తేల్చిందంటున్న బ్లూటూత్‌ను నిజానికి తేల్చింది ముందస్తు ఒప్పందమే.

ముందే రాస్తే పెద్ద కంపెనీలు తమకు అనువుగా రాసుకుంటాయన్నది కాదనలేని మాట. 802.15లో ఓటు దేశానికీ కంపెనీకీ కాదు, వరుసగా సమావేశాలకు హాజరైన మనిషికి. విమాన ఖర్చులు ఎవరు భరిస్తారో వారి మనుషులే అక్కడ ఎక్కువ. దానికి విరుగుడు మనవాళ్ళను పంపడమే. హైదరాబాద్ ఐఐటీ, మద్రాసు ఐఐటీ తదితరులు పల్లెల దూరాలకు తగినట్టు రూపొందించిన 5జీఐ అనే పద్ధతిని అంతర్జాతీయ టెలికం సంఘం (ఐటీయూ) గుర్తించింది, తర్వాత దాన్ని అంతర్జాతీయ 5జీ ప్రమాణంలో కలిపారు. అది మొబైల్ రంగం సంగతే అయినా, గదిలో కూర్చుంటే మన మాటా చెల్లుతుందని తేలింది.

ఇప్పుడు అదే 865–867 మెగాహెర్ట్జ్ స్మార్ట్ మీటర్ల రూపంలో ఇళ్ళ గోడలకెక్కుతోంది. మీటరు లెక్కలు ఏ రూపంలో ఉండాలో భారతీయ ప్రమాణం ఐఎస్ 15959 చెప్పింది. 2015 నాటి ఐఎస్ 16444 రేడియోనైనా వాడుకోవచ్చు, మొబైల్ నెట్‌వర్క్‌నైనా వాడుకోవచ్చు అంది కానీ, పక్కపక్క మీటర్లు ఒకదానికొకటి కబురందించే రేడియో మెష్‌కు ఒకే పద్ధతిని విధించలేదు. మొబైల్ సిమ్ ఉన్న మీటరుకు ఈ బెడద లేదు. రేడియో మెష్ వాడిన చోట మాత్రం ఒక కంపెనీ మీటరు ఆ కంపెనీ పరికరంతోనే మాట్లాడితే, ఒప్పందం ముగిసి మీటర్లు విద్యుత్ పంపిణీ సంస్థ (డిస్కమ్) చేతికొచ్చేనాటికి కొత్త మీటరు కోసం మళ్ళీ ఆ గుమ్మమే తొక్కాలి. దారి లేక కాదు. 802.15.4జి ప్రమాణం సరిగ్గా ఇలాంటి పని కోసమే 2012లో వచ్చింది. దాని మీద కట్టిన వై-సన్ అనే మెష్ పద్ధతిని గచ్చిబౌలి ట్రిపుల్ ఐటీ ప్రాంగణంలో నడిపి చూశారు కూడా.

విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణల్లో మీటరు ధర, అద్దె, బిల్లు గురించి అడిగేవారికి కొదవలేదు. ఎన్టీఆర్ జిల్లా వినియోగదారులు ఈసారి ఇంకొక్క ప్రశ్న కూడా వేయాలి: ఈ మీటరు రేడియో వేరే కంపెనీ మీటరుతో మాట్లాడుతుందా? మాట్లాడుతుందని టెండరు పత్రంలో రాతపూర్వకంగా లేకపోతే, ఆ ఖర్చును మండలి ఆమోదించకూడదు.