ఏసీ మొహం చూడని కాయకు ఏసీ అద్దె

గుంటూరు యార్డులో టిక్కీ పైన కాయ చూసి ఎవరూ బేరమాడరు. లోపలికి చెయ్యి పెట్టి గుప్పెడు తీసి చూస్తారు. నా ప్రోగ్రాములో నేను చెయ్యని పని అదే.

కమీషన్ కొట్టు నడిపే మా బంధువు ఒకాయనకు జావాలో బిల్లుల ప్రోగ్రాం రాసిచ్చాను. కళ్లం నుంచి నేరుగా వచ్చిన కాయకు ఒక లెక్క. కోల్డ్ స్టోరేజీలో, అంటే మనవాళ్ల మాటలో ఏసీలో, పెట్టి తీసిన కాయకు అద్దె కోసే లెక్క ఇంకొకటి. రెండూ స్టాటిక్ మెథడ్లే. ఏది వాడాలో సెట్టింగ్స్ ఫైల్లో పేరు రాసి, రిఫ్లెక్షన్‌తో పిలిచేవాణ్ణి. ఇఫ్, ఎల్స్ అని పేర్చుకుంటూ పోనక్కర్లేదని నా గొప్ప.

జావాలో ఈ సదుపాయం 1997 నాటి 1.1 నుంచీ ఉంది. క్లాసులో మెథడ్‌ను పేరుతో వెతికి, ఇన్వోక్ అనాలి. మామూలు మెథడ్‌కైతే ముందు ఆబ్జెక్టు ఇవ్వాలి. స్టాటిక్‌కి ఆబ్జెక్టుతో పని లేదు కాబట్టి ఆ చోట నల్ ఇస్తే చాలు.

ఒకరోజు కళ్లం మెథడ్ పేరు మార్చాను. ఫైల్లో పాత పేరే ఉండిపోయింది. కంపైలర్ కిక్కురుమనలేదు, దానికి అది ఉత్త అక్షరాల దండ. నడిచేటప్పుడు "అలాంటి మెథడ్ లేదు" అని ఎర్రర్ వచ్చింది. నా క్యాచ్ దాన్ని మింగేసి, ఏసీ లెక్కను పిలిచేసింది! ప్రోగ్రాం ఆగకూడదని నేను పెట్టుకున్న తెలివి అది.

60 టిక్కీలు తెచ్చిన పెద్దాయన బిల్లు పట్టుకుని నిలబడ్డాడు. "అబ్బాయ్, నా కాయ ఏసీ మొహమే చూళ్లేదు. అద్దె ఎవరికి కట్టమంటావ్?"

ఇంకో చిక్కు కూడా అప్పుడే బయటపడింది. పిలిచిన మెథడ్ లోపల తప్పు జరిగితే, రిఫ్లెక్షన్ దాన్ని ఇన్వొకేషన్ టార్గెట్ ఎక్సెప్షన్ అనే గోతంలో కట్టి ఇస్తుంది. అసలు తప్పు కావాలంటే గెట్‌కాజ్‌తో మూతి విప్పాలి. నా లాగ్ నిండా గోతాలే.

ఇప్పుడు పేర్లు తీసేసి మ్యాప్ పెట్టాను. "కళ్లం" అన్న మాటకు ఎదురుగా మెథడ్ రిఫరెన్స్. 2014లో జావా 8తో లాంబ్డాలతో పాటే వచ్చింది ఇది. మెథడ్ పేరు మార్చి ఇక్కడ మార్చకపోతే కంపైలే అవదు. ఫైల్లో మాట తప్పితే మాత్రం మ్యాప్ నల్ ఇస్తుంది, అందుకే పొద్దున్నే అన్నీ సరిచూసి, తేడా ఉంటే ప్రోగ్రాం మొదలవదు. అద్దె రేటును కూడా క్లోజర్‌లో పట్టి ఉంచుదామనుకుని మానేశాను. పొద్దున పట్టుకున్న విలువే సాయంత్రం దాకా ఉంటుంది, మధ్యలో రేటు మారితే దానికి తెలీదు. రేటును పిలిచినప్పుడే ఇస్తున్నాను.

రిఫ్లెక్షన్ చెడ్డదనను. జేయూనిట్ మన టెస్టులను వెతికి పట్టుకునేది దానితోనే. వాళ్లకు మన మెథడ్ల పేర్లు ముందు తెలియవు కదా. నాకు ఉన్నవి రెండే, రెండూ నేనే రాసుకున్నవి.

పెద్దాయనకు కోసిన అద్దె అక్కడికక్కడే తిరిగి ఇప్పించాం. తప్పు బిల్లు ఇమ్మని అడిగితే ఇవ్వలేదు. మడిచి జేబులో పెట్టుకుని, "ఉండనీలే, వచ్చే ఏడు చూపిస్తా" అన్నాడు.