నంబరు తెలియని జీవోను అడిగేదెలా?

2022 జనవరి చివర్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం జిల్లాల పునర్విభజనకు ముసాయిదా ప్రకటించి, అభ్యంతరాలకు 30 రోజుల గడువిచ్చింది. ఏప్రిల్ 4న జగ్గయ్యపేట, నందిగామ కృష్ణా జిల్లాను వదిలి ఎన్టీఆర్ జిల్లాలో చేరాయి. ఆ నిర్ణయం నచ్చినవారూ నచ్చనివారూ ఉన్నారు కానీ, కాగితం మాత్రం అందరికీ ముందే కనిపించింది.

చిత్రమేమిటంటే, ముసాయిదా వచ్చేనాటికి అదే ప్రభుత్వం తన జీవోలను ప్రజలకు కనపడకుండా చేసి ఐదు నెలలైంది. 2008 నుంచి జీవోలన్నీ ఒక వెబ్‌సైట్‌లో ఉండేవి. 2021లో ఖాళీ జీవోలు మొదలయ్యాయి. వాటిలో నంబరు, తేదీ ఉంటాయి, విషయం ఉండదు. దానిపై విమర్శలు ముదిరాక, ఆగస్టు మధ్యలో అసలు పెట్టడమే ఆపేశారు. హైకోర్టులో పిటిషన్లు పడ్డాయి. సెప్టెంబరులో ఈ-గెజిట్ అన్నారు, అదీ ఏరి పెట్టిన జీవోలకే. రాష్ట్ర సరిహద్దులోని గరికపాడు చెక్‌పోస్టుకు అవతల తెలంగాణ హైకోర్టు అదే ఆగస్టులో, జీవోలు 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని అక్కడి ప్రభుత్వానికి చెప్పింది. దాపరికం ఒక్క పార్టీ జబ్బు కాదన్నమాట.

జిల్లాల ముసాయిదా బయటికి రావడానికి పాలకుల మంచితనం కారణం కాదు. జిల్లాల ఏర్పాటు చట్టం, 1974 ముందుగా ప్రకటించి అభ్యంతరాలు వినమంటోంది, దాన్ని దాటితే కోర్టులో నిలవదు. జీవోల వెబ్‌సైట్‌కు అలాంటి కట్టుబాటు లేదు. సమాచార హక్కు చట్టం నాలుగో సెక్షన్ ఎవరూ అడగకముందే వివరాలు వెల్లడించమంటుంది. పాటించకపోతే? దరఖాస్తుకు జవాబివ్వని అధికారికి రోజుకు 250 రూపాయల చొప్పున 25,000 దాకా జరిమానా ఉంది. నాలుగో సెక్షన్‌ను గాలికొదిలేసినవారికి నేరుగా ఏ జరిమానా లేదు.

దరఖాస్తు పెట్టుకోవచ్చు కదా అంటారు. గ్రామ స్థాయిలో రుసుము లేదు, మండలంలో 5 రూపాయలు, ఆపైన 10. 30 రోజుల్లో జవాబివ్వాలి. కానీ మునేరు ఇసుక రీచ్ గురించో, జగ్గయ్యపేట వైపు సున్నపురాయి గని లీజు గురించో అడగాలంటే ముందు అలాంటి ఉత్తర్వు ఒకటుందని తెలియాలి. జీవో నంబరు, తేదీ రాస్తే తప్పించుకోవడం కష్టం. అవి లేకుండా రాస్తే ‘మీరడిగిన వివరం స్పష్టంగా లేదు’ అని ఒక్క వాక్యంతో తిప్పి పంపడం సులువు. వెబ్‌సైట్ ఆగితే సమాచార హక్కు చట్టానికీ సగం పదును పోతుంది.

పోలీసు, భద్రత వ్యవహారాల్లో కొంత గోప్యత అవసరమే. అందుకు ఎనిమిదో సెక్షన్ ఉంది. దాచాల్సిన భాగాన్ని తీసేసి మిగతాది ఇవ్వమని పదో సెక్షన్ చెబుతోంది. జీవో మొత్తాన్ని ఖాళీ చేయమని ఏ సెక్షనూ చెప్పలేదు. పైగా 2023 నాటి డేటా రక్షణ చట్టం ఆ ఎనిమిదో సెక్షన్‌నే సవరించి, వ్యక్తిగత సమాచారానికి మినహాయింపును విస్తరించింది. పథకం లబ్ధిదారుల జాబితా అడిగినా ఇక ఆ సాకు సిద్ధంగా ఉంటుంది.

2024 ఆగస్టు చివర్లో కొత్త ప్రభుత్వం పాత వెబ్‌సైట్‌ను మళ్లీ తెరిచింది. మంచిదే. కానీ అదీ ఒక కార్యనిర్వాహక ఉత్తర్వే, రేపు మరో ఉత్తర్వుతో మూయవచ్చు. ఏ జీవో ఎన్ని గంటల్లో బయటికి రావాలో, రాకపోతే ఏ కార్యదర్శి జవాబుదారీయో, ఎంత జరిమానాయో శాసనసభ చట్టంలో రాయాలి. ఆ బిల్లు పెడతామని ఇంతకాలం అధికారం మారుతూ వచ్చిన రెండు పార్టీల్లో ఏదైనా ఒప్పుకుంటుందా అన్నది ఈసారి ఓటడగడానికి వచ్చినవారిని అడగాల్సిన ప్రశ్న.