పెట్రోలు చీటీ చిరిగిపోనాది, నోటుబుక్కు మిగిలినాది

మన ఊళ్ళలో ‘వాలంటీరు’ అనే మాటకి 2019 ఆగస్టు 15 నుంచి ఒకటే అర్థం. 50 ఇళ్ళకి ఒకరు, నెలకి 5 వేలు, ఒకటో తారీకు తెల్లారగట్ల పింఛను పట్టుకొచ్చి తలుపు కొట్టీవోళ్ళు. 2024 మార్చి 30న ఎన్నికల సంఘం ఆళ్ళని పింఛన్ల పంపిణీకి వాడొద్దని చెప్పీసింది. కొంతమంది రాజీనామా ఇచ్చీసి జెండా పట్టుకున్నారు. జూన్ 4న ఫలితాలు వచ్చినాయి. ఆ తర్వాత ఆ వ్యవస్థ మరి నడవలేదు.

అయితే జీతం లేని వాలంటీర్లు మాత్రం అంతకు ముందు నుంచీ ఉన్నారు, ఇప్పుడూ ఉన్నారు. ఎన్నికలొస్తే పార్టీ జెండా మోసీ గుంటలు. ఆళ్ళలో నేనూ ఒకణ్ణి.

ఏ పార్టీకి తిరిగినానో చెప్పను. చెప్తే సగం మంది ఇక్కడే చదవడం ఆపీస్తారు. పైగా పలాస నియోజకవర్గంలో 2019లో సీదిరి అప్పలరాజు గెలిచినారు, 2024లో గౌతు శిరీష గెలిచినారు. గెలుపు అటూ ఇటూ మారినాది. పలాస, మందస, వజ్రపుకొత్తూరు మండలాల్లో జెండా మోసినోడి పరిస్థితి ఏమైనా మారినాదా? అదీ నా ప్రశ్న.

ఆ ఏప్రిల్, మే ఎండల్లో మొదటి పది రోజులూ బైకు ర్యాలీలే. పొద్దున్నే కాశీబుగ్గ వెళ్ళి పెట్రోలు చీటీ పట్టుకుని బంకు కాడ లైను కట్టడం, మెడలో కండువా, ముందర డీజే, మధ్యాహ్నం బిర్యానీ పొట్లం. సాయంత్రానికి ఫోనులో స్టేటస్. బాగుంటాది, అబద్ధం ఎందుకు చెప్పాలి? ఖాళీగా ఉన్న గుంటడికి నలుగురూ పేరు పెట్టి పిలవడమే పెద్ద సంగతి. కానీ నాలుగో రోజుకి తెలిసిపోనాది. ర్యాలీలో మనల్ని మనుషుల కింద లెక్క కట్టరు, బళ్ళ కింద కడతారు. “మీ ఊరి నుంచి ఎన్ని బళ్ళు?” అని అడిగినారు తప్ప, “నీ పేరేటి?” అని అడిగినోడు లేడు.

మా ఊర్లో మావ వరసయ్యే పెద్దాయన ఒకాయన ఉన్నారు. ఎన్నో ఎన్నికలకి బూత్ ఏజెంటుగా కూకున్నోడు. ఆయన నా బైకు తాళం లాక్కుని, “ఒలేయ్, బండెక్కి అరవడం ఎవుడికైనా వస్తాది. నువ్వు లిస్టు పట్టు” అన్నాడు.

లిస్టంటే ఓటర్ల జాబితా. ఇంటింటికీ వెళ్ళి, పేరు పేరుకీ గుర్తు పెట్టడం. మనోళ్ళు, ఆళ్ళోళ్ళు, తేలనోళ్ళు. చచ్చిపోయినా పేరు ఉన్నోళ్ళు. పెళ్ళయి వెళ్ళిపోయినోళ్ళు. అన్నింటికంటే పెద్ద పని వలసెళ్ళినోళ్ళది. ఉద్దానంలో ప్రతి వీధికీ చెన్నైలోనో, హైదరాబాద్‌లోనో, విశాఖలోనో సగం వీధి ఉంటాది. ఆళ్ళందరి ఫోను నంబర్లు తీసుకుని, మే 13కి వస్తారా, ఏ రైలుకి పలాసలో దిగుతారు అని రాసుకోవాలి. ఒక ఇంటికి నాలుగుసార్లు తిరిగితే గానీ పని తెగదు.

పార్టీలకి ఈ పని విలువ బాగా తెలుసు. అందుకే ఒక పార్టీ ‘గృహ సారథి’ అన్నాది, ఇంకో పార్టీ ‘కుటుంబ సాధికార సారథి’ అన్నాది. రెండూ సారథులే. పగ్గాలు మాత్రం ఎవరి చేతిలో ఉన్నాయో మనకి తెలుసు. 1998లో అమెరికాలో న్యూ హేవెన్ అనే ఊర్లో ఇద్దరు పరిశోధకులు ఇదే సంగతి పరీక్ష పెట్టి చూసినారు. మనిషి తలుపు కాడికి వెళ్ళి మాట్లాడిన చోట ఓటెయ్యడానికి వచ్చినోళ్ళు బాగా పెరిగినారు. ఫోను చేసిన చోట తేడా కనపడలేదు. ఇంటికొచ్చి అడిగిన మనిషికి ఉన్న బలం అది. ఆ మనిషివి నువ్వే. ఆ సంగతి నాయకుడికి తెలుసు, నీకు తెలీదు. అందుకే నీకు పెట్రోలు చీటీతో సరిపెడతన్నారు.

లిస్టు పట్టుకుని తిరుగుతుంటే ఒక ఇంట్లో ముసలమ్మ జీడిపిక్కలు ఎండలో ఆరబోస్తూ కనిపించినాది. ఆవిడ పెనిమిటికి డయాలిసిస్. నేను కరపత్రం తీసి చదవబోతే చెయ్యి అడ్డం పెట్టినాది.

“అదంతా నాకు తెల్దు బాబూ. పింఛను వస్తంది. ఆసుపత్రికి ఆటో దొరకదు. కుళాయి రోజు మార్చి రోజు. ఇది నీ కాయితంలో ఉందేటి?”

నేదు. అప్పటికి పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, హిరమండలం రిజర్వాయరు నుంచి ఉద్దానానికి నీళ్ళు తెచ్చే 700 కోట్ల పథకం ప్రారంభమై ఐదు నెలలు అయినాది. 2023 డిసెంబరు 14న రెండూ ఒకే రోజు మొదలెట్టినారు. మైకులో ఒకరు ‘మేమే కట్టినాం’ అంటారు, ఇంకొకరు ‘మేమొచ్చి సరిగ్గా నడుపుతాం’ అంటారు. ఆ ముసలమ్మ అడిగినాది మాత్రం ఆటో గురించి. ఆ రోజు నుంచి లిస్టు పక్కన ఒక నోటుబుక్కు పెట్టుకున్నాను. ఏ ఇంట్లో ఏటి లేదో అందులో రాసుకున్నాను.

ఇప్పుడు చెప్పడానికి ఇష్టం లేని ముక్క. పోలింగుకి ముందు రాత్రి మా జట్టులో ఒక గుంటడు జెండా కాడ గొడవలో పడినాడు. తోసుకున్నారు, ఒకడికి తల పగిలినాది, కేసు రాసినారు. వాడు మూడేళ్ళుగా ఆర్మీకి రన్నింగ్ చేస్తున్నోడు. ఆర్మీ అయినా, పోలీసు ఉద్యోగం అయినా, పాస్‌పోర్టు అయినా, పోలీసు వెరిఫికేషన్‌లో కేసుందా అని చూస్తారు. వాడి తండ్రి నాయకుడి ఇంటి చుట్టూ తిరిగినాడు. “చూద్దాం, చూద్దాం” అన్నారు. కొట్టుకున్న రెండు వైపుల పెద్దలూ ఆ తర్వాత ఒక పెళ్ళిలో పక్కపక్కన కూకుని భోజనం చేసినారు. ఈ గుంటలు మాత్రం ఇప్పటికీ మాట్లాడుకోవడం లేదు. ఇద్దరూ పదో తరగతి వరకు ఒకే బెంచీ.

అలాగని రాజకీయాలకి దూరంగా ఉండమని నేను చెప్పను. ఈ తీరం అలాంటిది కాదు. 2010 జూలై 14న సోంపేట బీల కాడ థర్మల్ ప్లాంటు వద్దని నిలబడినందుకు పోలీసు కాల్పుల్లో మనుషులు చచ్చిపోనారు. ఆ ప్లాంటు అక్కడ రాలేదు. ఆ ఊళ్ళోళ్ళు పెట్రోలు చీటీ కోసం వెళ్ళలేదు, తమ బీల కోసం, తమ నీళ్ళ కోసం వెళ్ళినారు. పని రెండు చోట్లా ఒకటే, ఇల్లిల్లూ తిరిగి మనుషుల్ని కూడగట్టడం. ఎవరి కోసం కూడగడుతున్నాం అన్నదాంట్లోనే తేడా.

ఫలితాలొచ్చినాక నా లిస్టు పార్టీ వాళ్ళు పట్టుకెళ్ళిపోనారు. నోటుబుక్కు ఎవరూ అడగలేదు. 2024 ఆగస్టు 23న రాష్ట్రంలో 13,326 పంచాయతీల్లో ఒకే రోజు గ్రామ సభలు పెట్టినారు కదా, దాన్ని పట్టుకుని అక్కడికి వెళ్ళినాను. ఉపాధి పనుల సభ అది. నా బుక్కులో ఉన్నదాంట్లో సగం అక్కడ చెప్పేది కాదన్నారు. మిగతా సగం రాసుకున్నారు. తర్వాత సోమవారం అర్జీల చుట్టూ తిరిగితే ఒక వీధి కుళాయి బాగుపడినాది. ముసలమ్మ ఆటో సంగతి ఇంకా తేలలేదు. ఇది పెద్ద విజయం ఏమీ కాదు. కానీ నలభై రోజులు ఎండలో తిరిగినందుకు మా ఊరికి మిగిలినాది ఆ కుళాయి ఒకటే. అది నోటుబుక్కు వల్ల వచ్చినాది, ర్యాలీ వల్ల రాలేదు.

తమ్ముళ్ళూ, చెల్లెళ్ళూ, మళ్ళీ ఎన్నికలొస్తాయి, మళ్ళీ పిలుస్తారు. నచ్చిన పార్టీకి వెళ్ళండి. కానీ ర్యాలీ కాదు, లిస్టు పని అడిగి తీసుకోండి. బూత్ ఏజెంటుగా కూకోండి. పోలింగుకి 90 నిమిషాల ముందు మాక్ పోల్ ఎలాగ చేస్తారు, సాయంత్రం ఎన్ని ఓట్లు పడినాయో రాసిచ్చే 17సి ఫారం కాపీ ఎలాగ తీసుకోవాలి, ఇవన్నీ నేర్చుకోండి. ఆ చదువు ఏ కాలేజీలోనూ చెప్పరు.

వెళ్ళే ముందే నాయకుణ్ణి నలుగురి ముందర అడగండి. బైకు మీద నుంచి పడితే ఆస్పత్రి ఖర్చు ఎవరిది? కేసయితే వకీలు ఎవరు? మొహమాటం వద్దు. కూలికి వెళ్ళినా ముందు కూలెంతో అడుగుతాం కాదేటి? రాత్రి డబ్బు కవర్లు పంచమంటే మాత్రం ఇంటికి వచ్చీండి. ఓటుకి డబ్బు ఇవ్వడానికి ఏడాది దాకా జైలు శిక్ష ఉంది, పట్టుబడేది కవరు పట్టుకున్నోడే.

మీ నోటుబుక్కు మీ దగ్గరే ఉంచుకోండి. ఎవరు ఎటు ఓటేసినారో ఆ గుర్తులు చింపీండి. ఎవరికి ఏటి లేదో ఆ పేజీలు ఉంచండి. సర్పంచి ఎన్నికలు పార్టీ గుర్తుల మీద జరగవు. 21 ఏళ్ళు నిండితే మీరే నిలబడొచ్చు. ఊర్లో ప్రతి తలుపూ తట్టినోళ్ళు మీరే కదా. మరి ఈసారి ఆ తలుపు మీ కోసం తట్టడానికి భయం దేనికి?