రంపచోడవరపు మురుగునీరు

ఏజెన్సీ పల్లెలకు కుళాయినీరు తెచ్చుట ఘనకార్యమని ప్రభుత్వమువారు చెప్పుకొనుచున్నారు. మేమును కాదనము. 2019లో ఆరంభమైన జలజీవన పథకము తలకు దినమునకు 55 లీటర్ల నీటిని ఇంటికడనే యిచ్చుట లక్ష్యముగా పెట్టుకొన్నది. కాని యట్లు వచ్చిన నీటిలో పెద్దపాలు మురుగై మరల వెలికి పోవునను సంగతి పథకము వేసినవారికి తెలియనిది కాదు. వచ్చుటకు గొట్టము వేసి, పోవుటకు త్రోవ చూపకుండుట యేమి పరిపాలనము?

రంపచోడవరము నేడు వట్టి కొండపల్లె కాదు. గిరిజనాభివృద్ధి సంస్థ కార్యాలయము, ఆసుపత్రి, ఆశ్రమ పాఠశాలలు, వసతిగృహములు అచ్చట వెలసినవి. వందలకొలది పిల్లలు ఒక్కచోట నుండి స్నానపానములు జరుపుకొను వసతిగృహపు మురుగు ఒక చిన్నగూడెపు మురుగునకు తీసిపోదు. రాతినేలలో త్రవ్విన ఇంకుడుగుంట వేసవిలో చక్కగా పనిచేయుచున్నట్లే కనబడును. కొండవాన పట్టినదా, గుంట పొర్లి, సెప్టిక్ ట్యాంకులోని మలినముతోగూడ పల్లమునకు దిగును. పల్లమున వాగు కలదు. దిగువనున్న కొండరెడ్ల గూడెములవారికి వాగునీరే గతి.

2017లో వై. రామవరము మండలమందలి చాపరాయి గ్రామమున పదునార్గురు గిరిజనులు కొలది వారములలో మరణించిరి. కారణములను గూర్చి పలువురు పలువిధముల చెప్పిరి. కలుషితమైన నీరు వానిలో నొకటి. వైద్యుడు చేరుటకే దినములు పట్టు కొండలలో, నీటిని ముందుగా కాపాడుటకంటె చవుకైన వైద్యము మాకు తోచదు.

ఇంత చిన్నయూరి మురుగు అఖండ గోదావరికి ఒక లెక్కయా యని కొందరడుగవచ్చును. రాజమహేంద్రవరపు కాలువలు నదిలో కలుపు మురుగు ముందు ఇది స్వల్పమే. అయినను సీతపల్లి వాగువంటి కొండవాగులెన్నియో చేరియే గోదావరి నిండుచున్నది. ధవళేశ్వరము దాటి గౌతమీపాయగా సాగి, ఆ నీరే కోరంగి మడ అడవుల చెంత సముద్రమున కలియును. 1978లో అభయారణ్యముగా ప్రకటింపబడిన యా చిత్తడినేల చేపపిల్లలకును రొయ్యపిల్లలకును పురిటిల్లు. మురుగులోని నత్రజని, భాస్వరము అధికమైనచో నాచు పెచ్చుపెరిగి, కుళ్లునప్పుడు నీటిలోని ప్రాణవాయువును హరించును. కాకినాడ తీరమున వల వైచు బెస్తవానికి ఎగువవారి యశ్రద్ధతో పనిలేదని యెవరనగలరు?

ద్రవ్యము లేదనుట చెల్లదు. 2020లో ఆరంభమైన స్వచ్ఛభారత రెండవ దశలో, వాడుకనీటి నిర్వహణకై అయిదువేలవరకు జనముగల గ్రామమునకు తలకు 280 రూపాయలు, అంతకు మించినచో 660 రూపాయలు నిర్ణయించిరి. అయిదువేల జనమునకు ఇది 14 లక్షలు. దీనితో రాజధానీనగరపు యంత్రాగారము రాదు. వచ్చినను, కొండలలో విద్యుత్తు పోయిన నాడు అది నిలిచిపోవును. ఎండయే సూక్ష్మక్రిములను చంపు వరుస చెరువులు, రెల్లు పెంచిన కంకరమడులు ఇచ్చటి కనువైనవి. వానికి కావలసినది కొంత నేల, పూడిక తీయు మనిషి. ఆసుపత్రి మురుగును మాత్రము వేరుగా శుద్ధిచేసిన పిమ్మటనే కలుపవలెను.

ఆ నేలను గిరిజనుని పొలమునుండి లాగికొనరాదు. 1996 నాటి పెసా చట్టము గ్రామసభ కిచ్చిన యధికారము కాగితమునకే పరిమితము కారాదు. 1922లో అల్లూరి సీతారామరాజు ఈ కొండలలో తిరుగుబాటు లేవదీసినది కొండవారిని అడుగకయే వారి అడవిని, వారి కష్టమును వాడుకొన్న దొరతనముమీదనే. 2022లో ఒక జిల్లాకు ఆయన పేరు పెట్టిరి, సంతోషమే. ఆయన పేరు తలచు అధికారులు గూడెమువారిని అడిగి పని చేయుట నేర్తురుగాక.

మేము కోరునది స్వల్పము. వానకాలము రాకమున్నే ప్రతి వసతిగృహపు మురుగు ఎచ్చటికి పోవుచున్నదో పటము గీసి గ్రామసభ యెదుట నుంచవలెను. మొదటి చెరువులు ఆసుపత్రికిని వసతిగృహములకును త్రవ్వవలెను. 2027 గోదావరి పుష్కరములకై రేవులకు వెచ్చించు సొమ్ములో కొంతభాగము ఎగువ వాగులకు ప్రత్యేకింపవలెను.